మా పాల సెంటర్ మినరల్ మిక్చర్: బర్రెలకు, ఆవులకు వాడి చూశాక నా మాట

పాల బిల్లులో పట్టుకుని మా పాల సెంటర్‌లో ఇచ్చే కిలో మినరల్ మిక్చర్ ప్యాకెట్ గురించి, అంటే పశువుల దాణాలో కలిపే ఖనిజ లవణాల పొడి గురించి రాస్తున్నాను. మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. కొట్టంలో నాలుగు ముర్రా బర్రెలు, రెండు జెర్సీ క్రాస్ ఆవులు, వాటి దూడలు ఉన్నాయి. ఒక ఈత మొత్తం ఈ పొడి వేసి, తర్వాతి ఈతలోకి కూడా వచ్చాను కాబట్టి ఇప్పుడు చెప్పగలననిపించింది. ప్యాకెట్ పేరు మాత్రం రాయడం లేదు. ఒక్కో జిల్లాలో ఒక్కో రకం ఇస్తారు, మీ దగ్గర ఇదే దొరక్కపోవచ్చు. పేరు తెలుసుకోవడం కన్నా ప్యాకెట్ వెనక పట్టిక చదవడం వస్తే మీకు ఎక్కువ పనికొస్తుంది. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ధర. నాకు కిలో 130 రూపాయలు పడింది. రోజుకు 50 గ్రాములు వేస్తే కిలో ఇరవై రోజులు వస్తుంది, అంటే ఒక పశువుకు రోజుకు ఆరున్నర రూపాయలు. పాలిచ్చే వాటికి డాక్టర్ సార్ 100 గ్రాములు వేయమన్నారు, అప్పుడు పదమూడు రూపాయలు. అర లీటరు పాల ధర కూడా కాదు.

మెడికల్ షాపుల్లో అమ్మే ఎర్ర కాల్షియం నీళ్ళ క్యాన్‌తో దీన్ని పోల్చి చూడండి. నేను కొన్న ఐదు లీటర్ల క్యాన్ 600 రూపాయలు. రోజుకు 100 మిల్లీలీటర్లు పోయమని రాసి ఉంటుంది, అంటే పన్నెండు రూపాయలు. ఆ వంద మిల్లీలీటర్లలో ఉండే కాల్షియం మూడు గ్రాముల చుట్టూ. అదే ఖర్చుకు ఈ పొడి వంద గ్రాములు వేస్తే 20 గ్రాముల కాల్షియం, 12 గ్రాముల ఫాస్ఫరస్ వస్తాయి. పది లీటర్ల బర్రె పాలలోనే దాదాపు 18 గ్రాముల కాల్షియం బయటికి పోతుంది. మూడు గ్రాములు పోసి ఆ లోటు తీరుతుందనుకోవడం ఎలా? పొడిలో ఉన్నదంతా ఒంటికి పట్టదు, నిజమే. అయినా ఈ రెంటికీ పోలికే లేదు. నీళ్ళ కాల్షియం పోస్తే తియ్యగా ఉంటుందని బర్రె గాబు నాకుతుంది, అది చూసి మనకు తృప్తిగా ఉంటుంది. ఆ తృప్తికే ఎక్కువ డబ్బులు పెడుతున్నామని నా అభిప్రాయం.

ఇప్పుడు వెనక పట్టిక సంగతి. మన దేశంలో మినరల్ మిక్చర్‌కు ఐఎస్ 1664 అనే ప్రమాణం ఉంది. ఉప్పు కలపని రకంలో కాల్షియం కనీసం 20 శాతం, ఫాస్ఫరస్ కనీసం 12 శాతం, మెగ్నీషియం 5 శాతం ఉండాలి. జింక్ 0.8, ఇనుము 0.4, రాగి 0.1 శాతం. కోబాల్ట్, అయోడిన్ చిటికెడంత. మా ప్యాకెట్‌పై ఈ అంకెలన్నీ ఉన్నాయి, ప్రమాణం నంబరు కూడా ఉంది.

చాలామంది కాల్షియం అంకె చూసి సంచి ఎత్తుకుంటారు. నేను ముందు ఫాస్ఫరస్ చూస్తాను. సున్నపురాయి పొడిలో కాల్షియం 36 శాతం దాకా ఉంటుంది, దాని ధర చాలా తక్కువ. ఫాస్ఫరస్ కోసం వాడే డైకాల్షియం ఫాస్ఫేట్ ఖరీదు. సంచి చవకగా ఇవ్వాలంటే సున్నపురాయి పెంచి ఫాస్ఫేట్ తగ్గించాలి. అప్పుడు కాల్షియం అంకె 28, 30 అని ఘనంగా కనిపిస్తుంది, ఫాస్ఫరస్ నాలుగో ఐదో ఉంటుంది. కొన్ని సంచుల మీద ఫాస్ఫరస్ మాటే ఉండదు.

ఈ ఫాస్ఫరస్ ఎందుకంత ముఖ్యమో మా పక్కింటి వదిన బర్రెను చూశాక బాగా అర్థమైంది. ఎండాకాలం, పచ్చిగడ్డి లేదు, వట్టి వరిగడ్డి మీదే ఉన్న బర్రె. ఈని మూడు వారాలైంది, పాలు బాగానే ఇస్తోంది. ఒకరోజు పొద్దున మూత్రం ఎర్రగా వచ్చింది, సాయంత్రానికి కాఫీ డికాక్షన్‌లా నల్లబడింది. ఊళ్ళో అందరూ పిడుదుల జ్వరమన్నారు. వదిన పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేస్తే బండి వచ్చింది. డాక్టర్ సార్ జ్వరం చూశారు, లేదు. ఒంటిమీద పిడుదులూ లేవు. కంటి రెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉంది. "ఇది పిడుదుల రోగం కాదమ్మా, రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయింది" అని చెప్పి నరానికి ఫాస్ఫరస్ మందు ఎక్కించారు, తాగించడానికీ ఇచ్చారు. రక్తకణం తన పొర పగలకుండా నిలబడాలంటే శక్తి కావాలి, ఆ శక్తి తయారవ్వాలంటే ఫాస్ఫరస్ కావాలి. అది బాగా తగ్గితే కణాలు రక్తంలోనే పగిలిపోయి, లోపలి ఎరుపంతా మూత్రంలో దిగిపోతుంది. ఇది ఎక్కువగా ఈనిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య, బాగా పాలిచ్చే బర్రెలకే వస్తుందట. ఆ బర్రె బతికింది కానీ ఆ ఈతలో పాలు మళ్ళీ పుంజుకోలేదు.

వరిగడ్డిలో ఫాస్ఫరస్ 0.1 శాతం చుట్టూ మాత్రమే ఉంటుంది. కాల్షియం కొంచెం ఉన్నా, గడ్డిలోని ఆక్సలేట్లు దాన్ని పట్టేసి సరిగా అరగనివ్వవు. తవుడుది ఇంకో కథ. ఫాస్ఫరస్ ఒక శాతం పైనే ఉంటుంది, కాల్షియం మాత్రం లేనట్టే. అందుకే తవుడు కుడితి బాగా పెట్టే ఇంట్లో ఒక లోటు, వట్టి గడ్డి వేసే ఇంట్లో ఇంకో లోటు కనిపిస్తుంది. ఎవరి కొట్టంలో ఏది తక్కువో మేత చూస్తే సగం తెలిసిపోతుంది. తయారీ దాణా గుళికలు రోజుకు నాలుగైదు కిలోలు పెట్టేవాళ్ళు ఇంకోటి గమనించాలి. ఆ దాణాలో మినరల్ మిక్చర్ ముందే కలిపి ఉంటుంది. దాని మీద మళ్ళీ వంద గ్రాములు వేయనక్కర్లేదు, డాక్టర్‌ను అడిగి తగ్గించుకోండి. మేము పల్లిచెక్క, తవుడు, మక్కల పొడి ఇంట్లోనే కలుపుకుంటాం కాబట్టి మాకు పూర్తి మోతాదు కావాలి.

ఇక మా జిల్లావాళ్ళు చూడాల్సిన అంకె ఇంకొకటుంది. అది పట్టికలో అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫ్లోరిన్, గరిష్ఠంగా 0.07 శాతం. మిగతావన్నీ కనీసం ఇంత ఉండాలని చెబితే, ఇదొక్కటి ఇంతకు మించకూడదని చెబుతుంది.

మా బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వంగిన కాళ్ళ మనుషుల్ని చూస్తూ పెరిగాం. పశువుల్లోనూ అదే బాధ ఉందని మాత్రం బయటివాళ్ళకు అంతగా తెలియదు. నిజానికి 1930ల్లోనే హైదరాబాద్ సంస్థానంలో పశువైద్యులు పశువుల్లో దీన్ని గుర్తించి రాశారు. నెల్లూరు జిల్లాలో మనుషుల్లో ఈ జబ్బును బయటపెట్టిన నివేదిక వచ్చింది ఆ తర్వాత, 1937లో. మా తాతల కాలం ఎడ్ల పళ్ళు గోధుమరంగు మరకలతో గుంటలు పడి, చిన్న వయసులోనే అరిగిపోయేవని మా అత్తమ్మ చెబుతుంది. చల్లటి నీళ్ళు తాగేటప్పుడు జివ్వుమని మూతి వెనక్కి తీసుకునేవట. కాళ్ళ ఎముకల మీద బుడిపెలు, దున్నేటప్పుడు కుంటడం. అప్పట్లో ముసలితనమని సరిపెట్టుకునేవాళ్ళు.

మరి పొడిలో ఫ్లోరిన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఫాస్ఫేట్ తయారయ్యేది రాక్ ఫాస్ఫేట్ అనే రాయి నుంచి. ఆ రాయిలో ఫ్లోరిన్ మూడు నాలుగు శాతం ఉంటుంది. దాణాకు వాడే ఫాస్ఫేట్‌లో దాన్ని తీసేయాలి. తీయని రాయి పొడి కలిపితే ఖర్చు తగ్గుతుంది, విషం లోపలికి పోతుంది. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. ప్రమాణం ప్రకారం ఉన్న పొడి 50 గ్రాముల్లో ఫ్లోరిన్ ఎక్కువలో ఎక్కువ 35 మిల్లీగ్రాములు. బర్రె రోజుకు 50 లీటర్ల నీళ్ళు తాగుతుందనుకుంటే, లీటరుకు 5 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళతో 250 మిల్లీగ్రాములు పోతుంది. అదే సగం శుద్ధి చేయని రాయి పొడి ఉన్న చవక సంచి అయితే? యాభై గ్రాములకే 750 మిల్లీగ్రాములు దాటుతుంది. మా బోరు నీళ్ళకు మూడింతలు! ఈ లెక్క వేశాక ఫ్లోరిన్ అంకె లేని సంచిని మా ఇంటి గడప తొక్కనివ్వడం లేదు. ఎరువుల కొట్లో దొరికే సూపర్ ఫాస్ఫేట్‌ను దాణాలో కలపమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. అది పొలానికి చేసింది.

ఈ పొడి ఫ్లోరైడ్‌ను విరగ్గొడుతుందని మాత్రం అనుకోవద్దు. మేతలో కాల్షియం సరిపడా ఉంటే ఫ్లోరైడ్ ఒంటికి పట్టడం కొంత తగ్గుతుంది, అంతే. అసలు మార్చాల్సింది నీళ్ళు. మా ఇంట్లో దూడలకు మూడేళ్ళు వచ్చేదాకా మిషన్ భగీరథ (ప్రభుత్వ మంచినీటి పథకం) నల్లా నీళ్ళే పెడుతున్నాం. శాశ్వత పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసు అదే, ఆ వయసులో పట్టిన ఫ్లోరైడ్ మరక జీవితాంతం పోదు. ఆరింటికీ నల్లా నీళ్ళు సరిపోవు కాబట్టి పెద్దవాటికి రెండూ కలిపి పెడుతున్నాం.

ఫలితాలు అడుగుతారని తెలుసు. పొడి మొదలుపెట్టక ముందు మా పెద్ద బర్రె గోడ నాకేది, తడి మట్టి తినేది, ఎక్కడ ఎముక కనిపించినా నోట్లో పెట్టుకుని గంటల తరబడి నమిలేది. ఒకసారి చీర కొంగు సగం మింగింది. ఇది ఫాస్ఫరస్, ఉప్పు లోటు వల్ల పుట్టే ఆకలి. ఎముకలు నమలడం చూసి నవ్వి ఊరుకోకండి, చచ్చిన పశువుల ఎముకల్లో ఉండే విషం ఎక్కితే కాళ్ళు, నాలుక చచ్చుబడి చనిపోతాయి. మేము ముందు ఏలికపాముల మందు తాగించి, ఆ తర్వాత పొడి మొదలుపెట్టాం. కడుపులో పాములు ఉండగా ఎంత పొడి వేసినా వాటి పాలే. నెల తిరిగేసరికి మట్టి మానేసింది. ఎముకల జోలికీ పోవడం లేదు. ఈ మార్పుకు పొడికి పూర్తి మార్కులు వేస్తాను.

రెండోది వెంట్రుక. ముర్రా అంటే నిగనిగలాడే నలుపు కదా. మా రెండు పడ్డల (ఇంకా ఈనని బర్రెల) ఒళ్ళు రాగి రంగుకు తిరిగి, కళ్ళ చుట్టూ తెల్లబారి ఉండేవి. ఎండకు మాడాయనుకున్నాం. డాక్టర్ సార్ చూడగానే రాగి తక్కువైందన్నారు. మేతలో, నీళ్ళలో మాలిబ్డినం, గంధకం ఎక్కువైతే తిన్న రాగి కూడా ఒంటికి పట్టదట. కొత్త వెంట్రుక వచ్చేదాకా ఆగాలి కాబట్టి ఇది నెమ్మదిగా జరిగింది. వానాకాలం అయిపోయేసరికి మెడ నుంచి నలుపు దిగుతూ వచ్చింది.

ఎద విషయంలో ఒక పడ్డ బాగా తెలిసేలా ఎదకు వచ్చి మొదటి సూదికే (కృత్రిమ గర్భధారణకే) చూడి కట్టింది. మళ్ళీ మళ్ళీ పొర్లే (సూది వేసినా కట్టకుండా తిరిగి ఎదకు వచ్చే) ఆవు మాత్రం ఈ పొడితో మారలేదు, దానికి గర్భసంచిలో చీము ఉందని తర్వాత తేలింది. ఎదకు రాని ప్రతి పశువుకూ మినరల్ మిక్చరే మందని చెప్పేవాళ్ళను నమ్మకండి.

పాలు? అర లీటరు పెరిగిన మాట నిజం. కానీ అదే నెలలో మా సూపర్ నేపియర్ గడ్డి కోతకు వచ్చింది. అందువల్ల ఆ అర లీటరు దేనివల్లో విడదీసి చెప్పలేను. వెన్న శాతంలో తేడా రాలేదు.

ఇప్పుడు నాకు నచ్చని విషయం. ప్యాకెట్ ముందువైపు పెద్ద అక్షరాలతో "పాల జ్వరాన్ని నివారిస్తుంది" అని వేశారు. పాల జ్వరమంటే ఈనిన కొత్తలో రక్తంలో కాల్షియం పడిపోయి పశువు కూలబడే జబ్బు. ప్యాకెట్ మీది మాట చూస్తే, ఇది తప్పు. తప్పే కాదు, ప్రమాదం కూడా. ఈ పొడి రోజూ తింటున్న మా జెర్సీ ఆవుకే మూడో ఈతలో పాల జ్వరం వచ్చింది. ఈనిన రెండో రోజు మొదట వెనక కాళ్ళు తడబడ్డాయి, తర్వాత కూలబడింది. మెడ మెలితిప్పి డొక్కకు ఆనించి పడుకుంది. చెవులు మంచులా చల్లగా ఉన్నాయి, పేడ వేయడం ఆగిపోయింది. డాక్టర్ సార్ వచ్చి కాల్షియం బాటిల్ నరానికి చాలా నెమ్మదిగా, గుండె చప్పుడు వింటూ ఎక్కించారు. త్వరగా ఎక్కిస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది, అందుకే ఈ పని తెలిసీ తెలియని వాళ్ళ చేత చేయించవద్దు. బాటిల్ అయిపోతుండగానే ఆవు ఒళ్ళు వణికింది, త్రేన్చింది, పేడ వేసింది. కాసేపటికి లేచి నిలబడింది.

ఇంత పొడి తింటున్నా ఎందుకు వచ్చింది సార్ అని అడిగాను. ఆయన చెప్పింది మీరందరూ వినాలని రాస్తున్నాను. ఆవు రక్తంలో ఒక సమయంలో తిరిగే కాల్షియం మొత్తం మూడు గ్రాముల చుట్టూ. పది లీటర్ల జున్నుపాలు పిండితే అందులో 20 గ్రాములకు పైగా పోతుంది. ఆ లోటును ఎముకల నుంచి, పేగుల నుంచి వెంటవెంటనే లాగాలి. లాగే పని మెడ దగ్గరి చిన్న గ్రంథులు, విటమిన్ డి చేస్తాయి. చూడి చివరి వారాల్లో మనం కాల్షియం దండిగా పోస్తే ఆ గ్రంథులకు పని ఉండదు, మందగిస్తాయి. ఈనిన రోజు ఒక్కసారిగా పని పడితే అందుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆవు పడిపోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే చూడి చివర్లో కాల్షియం తాగిస్తే పాల జ్వరం రాదనుకోవడం తలకిందుల వైద్యం.

తర్వాతి ఈతకు ఆయన చెప్పినట్టు చేశాం. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి ఈ పొడి ఆపి, ఆయన రాసిచ్చిన వేరే లవణాల మిశ్రమం వేశాం. అది రక్తాన్ని కొంచెం పులుపు వైపు తిప్పి, ఎముకల్లోని కాల్షియం కదిలేలా చేస్తుందట. నీళ్ళ కాల్షియం ఒక్క చుక్క పోయలేదు. ఈనగానే ఒక ట్యూబు కాల్షియం జెల్, పన్నెండు గంటలకు ఇంకోటి నోట్లో వేశాం. దూడకు మొదటి గంటలోనే జున్నుపాలు తాగించి, తొలి రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండకుండా కొంచెం వదిలేశాం. నాకైతే ఆ మూడు రాత్రులూ టెన్షనే. ఆవుకు ఏమీ కాలేదు, నాలుగో రోజు నుంచి పొడి మళ్ళీ మొదలుపెట్టాం. చూడి పశువుకు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వేయాలో ప్యాకెట్ మీద రెండు వాక్యాలు రాస్తే ఎన్ని ఆవులు నిలబడతాయో! నేను సెంటర్‌లో ఈ మాట రాతపూర్వకంగా ఇచ్చాను.

చిన్న లోపాలూ ఉన్నాయి. లోపల ఇచ్చే చెంచా నిండా తీస్తే కాటాలో 30 గ్రాములే తూగింది, కవరు మీద మాత్రం "రోజుకు ఒక చెంచా" అని ఉంది. తూకం వేసుకోండి. కవరుకు జిప్ లేదు, వానాకాలంలో గడ్డకడుతుంది, తెరిచి పెడితే అయోడిన్ కూడా తగ్గిపోతుంది. నేను మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి చీకటి మూల పెడుతున్నాను. కుడితిలో కలిపితే అడుగున దిగిపోయి గాబులోనే ఉండిపోతుంది, పొడి దాణాలో కలిపి కొంచెం తడి చేసి పెట్టడమే మంచిది. మొదటి వారం వాసనకు మూతి తిప్పుకుంటే పావు మోతాదుతో మొదలుపెట్టండి. ఇందులో ఉప్పు లేదు కాబట్టి రోజుకు 30 గ్రాముల అయోడైజ్డ్ ఉప్పు విడిగా వేయాలి.

వేలాడదీసే నాకుడు ఇటుకలు కూడా సెంటర్‌లో ఉన్నాయి. అవి ఎక్కువగా ఉప్పే, బర్రె ఎంత నాకిందో లెక్క ఉండదు. మేతకు బయట తిరిగే పశువులకు పరవాలేదు, కట్టేసి పాలు పిండే వాటికి పొడికి బదులు కాదు.

ఊళ్ళో గొర్లున్న వాళ్ళు ఈ ప్యాకెట్ తీసుకుపోవడం చూశాను. దయచేసి వద్దు. పశువుకు సరిపోయే రాగి గొర్రెకు ఎక్కువ. అది కాలేయంలో నెలల తరబడి పేరుకుని, ఒకరోజు హఠాత్తుగా కళ్ళు పచ్చబడి, మూత్రం నల్లబడి గొర్రె చచ్చిపోతుంది. గొర్లకు రాగి తక్కువగా కలిపిన మిశ్రమం వేరే ఉంటుంది, పశువుల దవాఖానాలో అడగండి.